విత్తనం అల్లాహ్‌ది, సేద్యం మనది

1800వ సంవత్సరం జనవరి మాసం. దక్షిణ ఫ్రాన్సులోని అవేరాన్ ప్రాంతం. ఎముకలు కొరికే చలిలో సెయింట్ సెర్నిన్ అనే గ్రామ శివార్లలోకి ఒక బాలుడు వచ్చాడు. వయసు సుమారు 12 సంవత్సరాలు ఉంటుంది. ఒంటి మీద చొక్కా పేలికలు తప్ప మరేమీ లేవు. శరీరం నిండా గాయాల మచ్చలు. గొంతు మీద ఒక పెద్ద గాటు. మాట రాదు. పిలిస్తే పలకడు. దుంపలు, కాయలు ఏరుకుని తింటాడు. అంతకు కొన్ని సంవత్సరాల ముందు నుంచే ఆ చుట్టుపక్కల అడవుల్లో ఒక పిల్లవాడు ఒంటరిగా తిరుగుతున్నాడని రైతులు చెప్పుకునేవారు. ఒకటి రెండు సార్లు పట్టుకున్నారు కూడా. కాని తప్పించుకుని మళ్ళీ అడవిలోకే పారిపోయాడు.

అదే సంవత్సరం అతన్ని పారిస్‌కు తీసుకువెళ్ళి మూగ చెవిటి పిల్లల విద్యాలయంలో ఉంచారు. జనం తండోపతండాలుగా చూడటానికి వచ్చారు. అడవిలో పెరిగిన స్వచ్ఛమైన మానవుణ్ణి చూస్తామనుకున్నవారికి, ఒక మూలన కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతూ, దగ్గరకు వచ్చినవారిని కొరుకుతున్న పిల్లవాడు కనిపించాడు. పినెల్ అనే పేరుపొందిన వైద్యుడు పరీక్షించి, ఇతను బుద్ధిమాంద్యుడు, ఇతనికి చికిత్స లేదు అని తేల్చేశాడు. ఇటార్ అనే యువ వైద్యుడు మాత్రం ఒప్పుకోలేదు. ఈ బాలుడిలోని లోపం మనుషుల సాంగత్యం లేకపోవడమేనని నమ్మి, అతనికి విక్టర్ అని పేరు పెట్టి, సుమారు అయిదేళ్ళపాటు శిక్షణ ఇచ్చాడు.

ఈ వృత్తాంతం వినగానే ఒక విశ్వాసి మనసులో ఒక ప్రశ్న తలెత్తక మానదు. ప్రతి బిడ్డా 'ఫిత్రత్' మీద, అంటే అల్లాహ్ సృష్టించిన సహజ నైజం మీద పుడుతుందని మన విశ్వాసం కదా! మరి ఏ తల్లిదండ్రుల ప్రభావమూ, ఏ సమాజపు మాలిన్యమూ సోకని ఈ బాలుడి నోట దైవనామం ఎందుకు లేదు? కనీసం మాటైనా ఎందుకు లేదు? అడవి అతని ఫిత్రత్‌ను కాపాడిందా, లేక అణచివేసిందా?

ఇది కేవలం పండితుల చర్చ కాదు. దీనికి మనం చెప్పుకునే సమాధానం మీదే మన పిల్లల పట్ల మన బాధ్యత ఏమిటన్నది ఆధారపడి ఉంది.

ముందు ఒక జాగ్రత్త

అడవిలో పెరిగిన పిల్లల గురించి ప్రచారంలో ఉన్న కథలన్నీ నిజం కావు. 1920లో బెంగాల్‌లోని మిడ్నాపూర్ ప్రాంతంలో తోడేళ్ళ గుహలో దొరికారని చెప్పే అమల, కమల అనే బాలికల కథను మనలో చాలామంది పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ కథనంలో చాలా భాగం కల్పితమని తర్వాతి పరిశోధకులు ఆధారాలతో వాదించారు. ఏదైనా వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోవాలని దివ్య ఖుర్ఆన్ (49:6) మనకు నేర్పింది. కనుక ఆ కథను పక్కన పెడదాం. విక్టర్ విషయం అలాంటిది కాదు. అతన్ని చూసినవారు, అతనికి చదువు చెప్పినవారు స్వయంగా రాసిన నివేదికలు ఉన్నాయి. ఇటార్ తన వైఫల్యాలను కూడా దాచకుండా రాశాడు.

అక్బర్ చేసిన పొరపాటు

మన దేశ చరిత్రలోనూ ఇదే ప్రశ్న ఒకసారి తలెత్తింది. అడిగినవాడు మొగల్ చక్రవర్తి అక్బర్. పసిపిల్లలను ఊరికి దూరంగా ఒక ఇంట్లో ఉంచి, వారి చెవిన ఒక్క మాట కూడా పడకుండా పెంచాలని ఆయన ఆజ్ఞాపించాడు. దాదులు పాలివ్వాలి, సాకాలి, కాని పెదవి విప్పకూడదు. తల్లులకు డబ్బిచ్చి సుమారు 20 మంది పసికందులను తెచ్చారని చరిత్రకారుడు బదాయూనీ రాశాడు. ఫిత్రత్‌కు సంబంధించిన హదీసును పరీక్షించడానికే, ఆ పిల్లలు పెద్దయ్యాక ఏ మతం వైపు మొగ్గుతారో, ఏ కలిమా పలుకుతారో చూడటానికే ఈ పని చేశారని కూడా ఆయన పేర్కొన్నాడు.

ఫలితం ఏమిటి? పిల్లలు ఏ కలిమా పలకలేదు. ఏ భాషా మాట్లాడలేదు. మూగవారిగా తయారయ్యారు. చాలామంది చనిపోయారు. జనం ఆ ఇంటికి 'గూంగ్ మహల్', అంటే మూగ భవనం అని పేరు పెట్టారు. 1582లో అక్బర్ ఆ ఇంటికి స్వయంగా వెళ్ళినప్పుడు మూగ శబ్దాలు తప్ప మరేమీ వినపడలేదని ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ కూడా నమోదు చేశాడు.

మరి హదీసు తప్పిందా? అల్లాహ్ శరణు! తప్పింది హదీసు కాదు, దాన్ని అర్థం చేసుకున్న తీరు. ఆ హదీసును ఒకసారి శ్రద్ధగా గమనించండి. ప్రతి బిడ్డా ఫిత్రత్ మీదే పుడుతుందని, ఆ తర్వాత తల్లిదండ్రులే ఆ బిడ్డను యూదునిగానో, క్రైస్తవునిగానో, అగ్నిపూజారిగానో మార్చేస్తారని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలిపారు (బుఖారీ, ముస్లిం). ఆ సందర్భంగా ఆయన (స) ఒక ఉపమానం కూడా ఇచ్చారు. పశువు ఈనినప్పుడు దూడ నిండు అవయవాలతోనే పుడుతుంది, చెవులు కోసేది మనుషులే. అంటే ఫిత్రత్ అనేది పుట్టుకతో వచ్చే పాఠం కాదు. అది లోపం లేని అవయవం లాంటిది. దూడ నాలుగు కాళ్ళతో పుడుతుంది. అయితే పుట్టిన దూడను కదలనీయకుండా కట్టేసి ఉంచితే ఆ కాళ్ళు ఏమవుతాయి?

అక్బర్ పిల్లల ఫిత్రత్‌ను పరీక్షించలేదు. దాని ఆహారాన్ని ఆపేశాడు.

పుట్టినప్పుడు మనకు ఏమీ తెలియదు

దివ్య ఖుర్ఆన్ ఈ విషయాన్ని ఎంతో స్పష్టంగా చెప్పింది. అల్లాహ్ మనల్ని తల్లుల గర్భాల నుంచి ఏమీ తెలియని స్థితిలో బయటకు తీశాడని, ఆపైన వినికిడిని, చూపును, హృదయాలను ప్రసాదించాడని, మనం కృతజ్ఞులమై ఉండాలన్నదే దాని ఉద్దేశమని అన్నహ్ల్ సూరా (16:78) తెలియజేస్తోంది. ఇచ్చినది జ్ఞానం కాదు, జ్ఞానాన్ని అందుకునే సాధనాలు. వినికిడి మొదట ప్రస్తావించబడింది చూడండి. వినేవాడు ఉండాలంటే పలికేవాడు కూడా ఉండాలి కదా!

హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) కు సయితం అల్లాహ్ పేర్లు 'నేర్పించాడు' (2:31). తొలి మానవునికే బోధన అవసరమైతే మన పసిపిల్లల సంగతి చెప్పాలా?

ఇక్కడ ముస్లిం అందలూసియాకు చెందిన ఒక మహా మేధావి గుర్తుకు వస్తాడు. 12వ శతాబ్దంలో అక్కడి పాలకునికి ఆస్థాన వైద్యుడిగా ఉండి, 1185లో మరణించిన ఇబ్నె తుఫైల్ 'హై ఇబ్నె యఖ్జాన్' అనే గ్రంథం రాశాడు. నిర్జన ద్వీపంలో ఒక జింక పాలు తాగి పెరిగిన బాలుడి కథ అది. ఆ బాలుడు ప్రకృతిని పరిశీలిస్తూ, చనిపోయిన జింకలో లోపించినదేమిటని ఆలోచిస్తూ, చివరకు ఈ సృష్టికి ఒక సృష్టికర్త ఉండి తీరాలనే నిర్ణయానికి వస్తాడు. 1671లో ఇది లాటిన్‌లోకి అనువదించబడి ఐరోపా పండితులను ఎంతగానో ఆకట్టుకుంది.

అది తత్వాన్ని వివరించడానికి అల్లిన కల్పన. నిజమైన అడవి బాలుడు విక్టర్ మాత్రం అలా ఎదగలేకపోయాడు. అయితే ఇబ్నె తుఫైల్ కథలోనూ మనం గమనించవలసిన ఒక అంశం ఉంది. సుమారు 50 ఏళ్ళ వయసులో హై ఒక మనిషిని కలుసుకుంటాడు. అబ్సాల్ అనే ఆ సాధువు అతనికి మాట నేర్పుతాడు. ప్రవక్త తెచ్చిన ధర్మాన్ని పరిచయం చేస్తాడు. హై దాన్ని వెంటనే సత్యమని గుర్తించి, నమాజు, ఉపవాసం మొదలైన ఆరాధనలను పాటించడం ప్రారంభిస్తాడు. అంటే, సృష్టికర్త ఉన్నాడని స్వయంగా కనుగొన్న ఆ మేధావికి కూడా ఆ సృష్టికర్తను ఎలా ఆరాధించాలో చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు!

ఆరిపోని నిప్పురవ్వ

అలాగైతే విక్టర్‌లో ఫిత్రత్ అసలు లేనేలేదా? ఉంది. ఇటార్ రాసిన రెండు సంఘటనలు చూడండి.

విక్టర్ పాఠం సరిగా చేయకపోతే ఇటార్ అతన్ని ఒక చీకటి గదిలో పెట్టేవాడు. విక్టర్ ఏడుస్తూనైనా లోపలికి వెళ్ళేవాడు. ఒకరోజు ఇటార్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఈ బాలుడు శిక్షకు భయపడుతున్నాడా, లేక న్యాయాన్యాయాలు తెలిసే తలవంచుతున్నాడా? తెలుసుకోవడానికి, విక్టర్ పని చక్కగా పూర్తి చేసిన రోజునే అతన్ని బలవంతంగా ఆ గది వైపు లాక్కుపోయాడు. విక్టర్ ఈసారి లొంగలేదు. తిరగబడ్డాడు. గురువు చేతిని గట్టిగా కొరికాడు. ఆ నొప్పిలోనే ఇటార్ ఎంతో సంతోషించాడు. ఎందుకంటే, చేయని తప్పుకు శిక్ష పడకూడదని ఆ బాలుడికి తెలుసునని రుజువైంది. ఈ పాఠం ఇటార్ చెప్పినది కాదు!

రెండవ సంఘటన. విక్టర్‌ను సాకే బాధ్యతను మదాం గెరిన్ అనే స్త్రీకి అప్పగించారు. భోజనాల బల్ల మీద పళ్ళేలు సర్దడం విక్టర్ పని. ఆమె భర్త జబ్బుపడి ఇంటికి దూరంగా ఉన్న రోజుల్లో కూడా అతను ఎప్పటిలాగే ఆయన పళ్ళెం పెట్టేవాడు. ఆయన చనిపోయిన రోజునా పెట్టాడు. అది చూసి ఆ ఇల్లాలు బావురుమంది. విక్టర్ కాసేపు నిలబడి చూశాడు. తన వల్లే ఆమెకు దుఃఖం కలిగిందని గ్రహించి, మెల్లగా ఆ పళ్ళేన్ని తీసి అలమరలో పెట్టేశాడు. మళ్ళీ ఎప్పుడూ దాన్ని బల్ల మీద పెట్టలేదు.

అల్లాహ్ మానవ ఆత్మకు దాని చెడునూ, దాని భయభక్తులనూ స్ఫురింపజేశాడని అష్షమ్స్ సూరా (91:8) చెబుతోంది. ఏళ్ళ తరబడి అడవిలో ఒంటరిగా తిరిగిన ఆ బాలుడిలో కూడా న్యాయం కోసం పెనుగులాట, తోటి మనిషి కన్నీటికి కరిగే గుణం మిగిలే ఉన్నాయి. నివురు కింద నిప్పురవ్వ ఆరిపోలేదు. కాని రవ్వ దీపం కావాలంటే నూనె పోసేవారు కావాలి, వత్తి వేసేవారు కావాలి, గాలి తగలకుండా చేయి అడ్డుపెట్టేవారు కావాలి.

'ఓ దేవా!'

విక్టర్ నేర్చుకున్న మాటలు బహు కొద్ది. వాటిలో ఒకటి 'లే', అంటే పాలు. అదీ పాలు కావాలని అడగడానికి కాదు, గిన్నెలో పాలు చూసినప్పుడు సంతోషంతో అనేవాడు.

మరొక మాట ఉంది. దాన్ని ఇటార్ నేర్పలేదు. మదాం గెరిన్ ఇంటి పనులు చేసుకుంటూ అలవాటుగా 'ఓ ద్యూ!' అనేది. అంటే 'ఓ దేవా!' అని అర్థం. వినగా వినగా విక్టర్‌కు ఆ మాట పట్టుబడింది. బాగా ఆనందం కలిగినప్పుడు తన వంకర ఉచ్చారణతో ఆ మాట అనేవాడని ఇటార్ రాశాడు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి! ఎంతో చదువుకున్న వైద్యుడు అక్షరాల బిళ్ళలతో, బహుమతులతో, శిక్షలతో సంవత్సరాలు శ్రమించినా రాని మాట, ఒక సామాన్య స్త్రీ వంటింట్లో అలవాటుగా అనుకున్నప్పుడు వచ్చేసింది. ఆమె దాన్ని పాఠంగా చెప్పలేదు. ఆమె నోట ఉన్నది, అతని నోటికి వచ్చింది. అంతే!

మన ఇళ్ళలో పిల్లలు పొద్దున లేచింది మొదలు ఏ మాట వింటున్నారు? అన్నం ముందు 'బిస్మిల్లాహ్', తుమ్మినప్పుడు 'అల్‌హమ్దులిల్లాహ్', గడప దాటేటప్పుడు సలాం, కష్టం వచ్చినప్పుడు 'ఇన్నాలిల్లాహ్', ఇవి మన నోట సహజంగా వస్తే పిల్లల నోట కూడా సహజంగానే వస్తాయి. మన నోట తిట్లు, చాడీలు, ఇరుగుపొరుగు మీద ఎత్తిపొడుపులు వస్తుంటే అవీ అంతే సహజంగా వస్తాయి. పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ వినిపించే ఆనవాయితీ మనది. ఆ పిలుపు అక్కడితో ఆగిపోకూడదు.

లెక్క ఎవరు చెప్పాలి?

మరి విక్టర్ లాంటివారి పరలోకం ఏమిటని కొందరు అడుగుతారు. ఒక వ్యక్తి అంతిమ ఫలితం గురించి తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. అయితే సూత్రం మాత్రం స్పష్టం. సందేశహరుణ్ణి పంపనంతవరకు అల్లాహ్ ఎవరినీ శిక్షించడు (17:15). నిద్రపోయేవాడు మేల్కొనేవరకు, పసివాడు యుక్తవయసు వచ్చేవరకు, మతి లేనివాడు మతి కుదుటపడేవరకు వారి విషయంలో కలం ఎత్తివేయబడిందని హదీసు చెబుతోంది (అబూదావూద్, తిర్మిజీ). అల్లాహ్ ఎవరి మీదా రవ్వంత అన్యాయం చేయడు.

కలం బిడ్డ మీద నుంచి ఎత్తివేయబడితే, అది ఎవరి మీద నడుస్తుంది? విక్టర్ గొంతు మీది గాటు చూసి, ఎవరో పసితనంలో అతన్ని చంపబోయి అడవిలో వదిలేసి ఉంటారని ఇటార్ భావించాడు. సజీవంగా పూడ్చబడిన పసిపాపను, ఏ పాపానికి చంపబడ్డావని ప్రళయ దినాన ప్రశ్నించడం జరుగుతుందని ఖుర్ఆన్ (81:8-9) హెచ్చరించింది. ఆ ప్రశ్న పాపను దోషిగా నిలబెట్టడానికి కాదు. ఆమెను పూడ్చిన చేతులను పట్టివ్వడానికి.

అతను పుట్టుకతోనే ఆటిజం లాంటి లోపం ఉన్న పిల్లవాడేమో, అందుకే వదిలేశారేమో అని ఈ కాలపు కొందరు పండితులు అభిప్రాయపడుతున్నారు. అదే నిజమైతే వదిలేసినవారి బాధ్యత ఇంకా బరువెక్కుతుందే గాని తగ్గదు. మాట రాని బిడ్డ, తోటి పిల్లలకన్నా వెనుకబడిన బిడ్డ కూడా అల్లాహ్ అప్పగించిన అమానతే. పెళ్ళిళ్ళకు తీసుకువెళ్ళకుండా, చుట్టాలు వస్తే లోపలి గదిలో దాచి ఉంచే కుటుంబాలు మనలో లేవా?

షరీఅత్ దృష్టిలో దిక్కులేకుండా దొరికిన పసివాణ్ణి 'లఖీత్' అంటారు. ఎత్తుకోకపోతే ప్రాణం పోతుందన్న భయం ఉన్నప్పుడు ఎత్తుకోవడం విధి అవుతుందని ధర్మవేత్తలు తేల్చారు. హజ్రత్ ఉమర్ (రజి) పరిపాలనా కాలంలో ఒక వ్యక్తి తనకు దొరికిన శిశువును తీసుకురాగా, ఆ బిడ్డ స్వతంత్రుడని ప్రకటించి, పోషణ ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని, పెంపకం దొరికినవాడే చూడాలని ఆయన ఆదేశించారు (ముఅత్తా). పసివాడు మాట్లాడతాడా, చదువుతాడా, సమాజానికి పనికి వస్తాడా అని ముందుగా ఎవరూ అడగలేదు.

ఇద్దరు మనుషులు, రెండు సేవలు

1806 నాటికి ఇటార్ విసిగిపోయాడు. విక్టర్‌కు మాట రాదని నిశ్చయించుకుని శిక్షణ ఆపేశాడు. అతని శ్రమ వృథా పోలేదు. అతను కనిపెట్టిన పద్ధతులను శిష్యుడు సెగాన్ మందబుద్ధి పిల్లల చదువుకు ఉపయోగించాడు. వారిద్దరి రచనల నుంచి స్ఫూర్తి పొందిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి కొత్త విద్యావిధానాన్ని రూపొందించింది. నేడు మన పట్టణాల్లో 'మాంటిస్సోరి' అన్న బోర్డు కనిపించే ప్రతిచోటా ఆ అడవి పిల్లవాడి ఛాయ ఉంది.

కాని విక్టర్ దగ్గర మిగిలింది ఇటార్ కాదు, మదాం గెరిన్. ఆమెకు ప్రభుత్వం కొద్దిపాటి భృతి ఇచ్చింది. విక్టర్ 1828లో, సుమారు 40 ఏళ్ళ వయసులో మరణించేవరకు ఆమె ఇంట్లోనే ఉన్నాడు. ఫలితం కనిపించనప్పుడు ఆగిపోయే ప్రేమ ఒకటి, ఫలితంతో పనిలేకుండా అన్నం పెట్టే ప్రేమ ఒకటి. అనాథను సాకేవాడు స్వర్గంలో తనకు రెండు వేళ్ళంత దగ్గరగా ఉంటాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ). ఆ శుభవార్త చదివే మనం, ఒక పరాయి బిడ్డకు పాతికేళ్ళకు పైగా అన్నం పెట్టిన ఆ స్త్రీని తలచుకుని సిగ్గుపడవలసిన అవసరం ఉంది.

గోడల మధ్య అడవి

నేడు మన పిల్లలు అడవిలో లేరు. మేడల్లో ఉన్నారు. కాని మనుషుల మాట వినపడకపోవడమే అడవి అయితే, ఆ అడవి నట్టింట్లోకి వచ్చేసింది. ఏడ్చే బిడ్డ చేతిలో సెల్‌ఫోన్ పెట్టి మనం మన ఫోన్ చూసుకుంటున్నాం. సంవత్సరం నిండని శిశువుకు తెర అసలు చూపించవద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కాని మనకు అంతకన్నా ముందే తెలిసిన సంగతి ఒకటుంది. ప్రతి ఒక్కరూ కాపరులేనని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారని దైవప్రవక్త (స) సుమారు పద్నాలుగు శతాబ్దాల క్రితమే హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

'మా వాడు ఫిత్రత్ మీదే పుట్టాడు, ముస్లిం ఇంట్లో పుట్టాడు, అదే వస్తుంది లెండి' అనుకునే తండ్రి అక్బర్ చేసిన పొరపాటే చేస్తున్నాడు. 'వీడి బుద్ధే అంత, వీడు మారడు' అని విసుక్కునే తల్లి పినెల్ చేసిన పొరపాటే చేస్తోంది. మొదటివారు విత్తనాన్ని గట్టు మీద పడేసి పంట కోసం చూస్తున్నారు. రెండవవారు విత్తనమే లేదంటున్నారు. ఇస్లాం ఈ రెండింటినీ కాదంటుంది. విత్తనం ఉంది. అది అల్లాహ్ వేసినది, మంచి విత్తనమే. దున్నడం, నీరు పెట్టడం, కలుపు తీయడం మన వంతు. పంట ఆయన చేతిలో ఉంది.

బిడ్డ తల్లిదండ్రుల దగ్గర ఉన్న అమానత్ అని, ఆ పసి హృదయం ఇంకా ఏ చెక్కడమూ పడని అమూల్య రత్నమని ఇమాం గజాలీ (రహ్మలై) 'ఇహ్యా ఉలూమిద్దీన్' లో అభిప్రాయపడ్డారు. ఈ రాత్రి భోజనం దగ్గర ఫోన్లు పక్కన పెట్టి మీ పిల్లలతో కాసేపు మాట్లాడండి. వారు అడిగే పిచ్చి ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పండి. అల్లాహ్ పేరు వారి ముందు ప్రేమతో పలకండి. మీ వీధిలో తల్లిదండ్రులు లేని బిడ్డ ఉంటే, మాట రాని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ పళ్ళెం కూడా మీ బల్ల మీద పెట్టండి.

మన సంతానాన్ని మన కంటి చలువగా చేయమని, మనకు అప్పగించిన అమానత్‌ను కాపాడే శక్తిని ప్రసాదించమని కారుణ్య ప్రభువును వేడుకుందాం. ఆమీన్.